డబ్బాతో సహా వంద కిలోలు

పైనక్కకు ఆ పేరు యార్డు పెట్టింది. వంతెనలకు ఇనుప దూలాలు చేసే ఆ యార్డులో పెద్ద క్రేను ఆమెది. పొద్దున ఏడింటికి నిచ్చెన ఎక్కిందంటే మధ్యలో తప్పనిసరై ఒక్కసారి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, నాలుగింటికి పని అయ్యాకే నేల మీద కాలు పెడుతుంది. "అక్క ఏదీ?" అని ఎవరడిగినా "పైన" అన్నదే జవాబు. పధ్నాలుగేళ్లు అదే జవాబు విని విని ఆ రెండు మాటలూ అతుక్కుపోయాయి. జీతం చీటీ మీద వేరే పేరు ఉంది గానీ, అది చదివితే ఎవరో కొత్త మనిషి అనుకుంటారు.

క్రేను ఎక్కకముందు ఆరేళ్లు ఆమె అదే యార్డులో కింద పనిచేసింది. ఇనుప రజను ఊడ్చేది, బోల్టులు నూనెలో కడిగేది. కింద ఉన్న ఆరేళ్లూ ఆమెతో అందరూ అన్న మాట ఒక్కటే: "కాస్త తప్పుకో." పైకి వెళ్లాక ఆమె హారన్ కొడితే మేనేజరుతో సహా అందరూ తప్పుకుంటున్నారు. ఆమెకు ఆ క్యాబిన్ ఎందుకంత ఇష్టమో తెలుసుకోవడానికి ఇంతకన్నా పెద్ద కథ అక్కర్లేదు.

ఆమె తిండి మనిషి. ఇది దాచాల్సిన సంగతి కాదు, ఆమె ఏనాడూ దాచలేదు కూడా. భర్త దర్జీ. ఇంటి ముందుగదిలో మిషను, వెనకగదిలో పొయ్యి, రెండూ ఆయనవే. మిషను మీద చెయ్యి ఎంత శుభ్రమో పొయ్యి మీద అంతకన్నా శుభ్రం. మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు గిన్నెల క్యారియరు యార్డు గేటు దగ్గరికి వచ్చేది. కింద నిలబడి చేతులతో సైగలు చేస్తూ క్రేను నడిపించే ముసలాయన, అందరికీ బాబాయ్, ఆ క్యారియరును బకెట్లో పెట్టి తాడు కట్టేవాడు. ఆమె పైనుంచి లాక్కునేది. నాలుగు గిన్నెలూ ఖాళీ అయి కిందికి వచ్చేవి. రాత్రి ఇంట్లో గిన్నె అడుగున మిగిలింది పారేయడం ఎందుకని అదీ ఆమె కంచంలోకే. అలా పధ్నాలుగేళ్లకి నూట ఐదు కిలోలైంది.

ఒకరోజు భద్రత చూసే ఆఫీసరు కబురు పెట్టాడు. భోజనాల దగ్గర కూడా హెల్మెట్ తియ్యడు కాబట్టి ఆయన హెల్మెట్ సారు. బల్ల మీద ఒక కాగితం తిప్పి పెట్టాడు.

"ఆ నిచ్చెనకి, నీ బెల్టుకి, ఏదైనా జరిగితే నిన్ను కిందికి దించే తాడుకి, మూడిటికీ హద్దు వంద కిలోలు. మనిషి, బూట్లు, బెల్టు, భుజాన సంచి, అందులో నీళ్లు, తిండి డబ్బా. మోసుకెక్కేవన్నీ కలిపి వంద."

"పధ్నాలుగేళ్లుగా మోస్తోంది కద సార్, ఆ నిచ్చెన."

"ఇన్నాళ్లూ ఎవరూ కొలవలేదమ్మా."

"ఇప్పుడెందుకు కొలుస్తున్నారు?"

"నువ్వు పైన కళ్లు తిరిగి పడిపోతే, ఆ తాడు తెగితే, ఆ రోజు ఈ ప్రశ్న నన్ను అడుగుతారు. అందుకు."

మనిషి చెడ్డవాడు కాదు. అదే చిరాకు. చెడ్డవాడైతే తిట్టి పోవచ్చు.

దారి ఆయనే చెప్పాడు. బరువు ఎక్కువున్న పదిమందిని కలిపి కంపెనీ ఒక జట్టు కడుతోంది. ప్రతి మంగళవారం పని అయ్యాక స్టోర్సు గదిలో కూర్చోవాలి, బరువు చూసుకోవాలి, అక్కడ చెప్పినట్టు తినాలి. జట్టులో ఉన్నవాళ్లకి నాలుగు నెలల గడువు. జట్టులోంచి బయటికి వస్తే గడువు లేదు, ఆ వారమే పరీక్ష. పరీక్షలో వంద దాటితే స్టోర్సు కౌంటరు. నట్లు లెక్కపెట్టి ఇచ్చే పని.

"జీతం అదేలే," అన్నాడు ఊరడింపుగా.

ఇంటికి వెళ్లి చెబితే భర్త కూడా కత్తెర ఆపకుండా అదే అన్నాడు. "జీతం అదేగా? మోకాళ్లకి సుఖం."

"కౌంటరు వెనక కూర్చుంటే మళ్లీ మొదలవుతుంది. కాస్త తప్పుకో, కాస్త జరుగు. నేను జరగను."

"అయితే ఏం చేస్తావ్?"

"మనిద్దరికీ పెద్ద మూకుడెందుకు? చిన్నది కొను."

దర్జీ కత్తెర అప్పుడు ఆగింది. ఆయన మొహం చూస్తే ఎవరో దూరపు చుట్టం పోయాడన్న కబురు విన్నట్టుంది.

"వండటం మానెయ్యమనలేదయ్యా. ఇదే రుచి, సగం కొలత. రుచి తగ్గిస్తే మాత్రం ఊరుకోను."

క్యారియరు విషయం ఆమె మర్నాడే తేల్చేసింది. బాబాయ్ బకెట్‌కి తాడు కడుతుంటే పైనుంచి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ సైగకి యార్డులో అర్థం, ఆపు, ఇంక లేదు. ముసలాయన అయోమయంగా చూశాడు. ఆమె దిగివచ్చి చెప్పింది.

"ఇకమీదట బకెట్ లేదు బాబాయ్. నేను ఒంటిమీద మోసుకెక్కిందే నా తిండి. సంచిలో పట్టినంత. మధ్యలో ఆకలేస్తే కిందికొచ్చి మళ్లీ మోసుకెళ్తా."

"ఎనభై నాలుగు మెట్లు అమ్మాయ్."

"అందుకే. ఒక్క బంగాళదుంప కోసం ఎనభై నాలుగు మెట్లు దిగి ఎక్కాలంటే, నిజంగా ఆకలైతేనే కాళ్లు కదులుతాయి. లేదంటే నాలుకే ఊరుకుంటుంది."

ఆమె పథకం మొత్తం అంతే. ఒక డబ్బా, అందులో బాగా ఇష్టమైనవి, మెల్లిగా నమిలి తినడం. ఇంటి దగ్గర ఒక కంచం, కూర్చుని తినడం. గిన్నె అడుగున మిగిలింది వీధికుక్కకి. ఆ కుక్క నెలరోజుల్లో మనిషిని గుర్తుపట్టి తోకాడించేంత బలిసింది. దానికి పరీక్ష పెట్టేవాళ్లెవరూ లేరు, అదృష్టవంతురాలు.

జట్టు పథకం మాత్రం వేరు.

జట్టు నడిపే ఆవిడ పూర్వం బళ్లో డ్రిల్లు నేర్పేది. అరవై ఏళ్లు, కర్రలా నిటారుగా ఉంటుంది. డ్రిల్లు మేడం అంటే నవ్వదు, కాదనదు. మొదటిరోజే పదిమందికీ అట్టలు పంచింది. పొద్దున ఏది, మధ్యాహ్నం ఏది, రాత్రి ఏది, అన్నీ అందులోనే. ఉడికించిన గుమ్మడి, ఉడికించిన బీన్సు, ఉడికించిన కోడిగుడ్డులో తెల్లది. పచ్చసొన ఏమయ్యిందని వెల్డరు అడిగితే, "అది మీది కాదు" అంది.

"మీ శత్రువు పొట్ట కాదు. నాలుక. దాన్ని చంపండి, పొట్ట దానంతటదే లోపలికి పోతుంది."

బరువు చూసేది స్టోర్సులో బోల్టులు తూచే కాటా మీద. మనుషుల కాటా ఒకటి తెప్పించారు గానీ, దాని మీద వెల్డరు ఎక్కగానే అది తన బాధ తాను పడి పాడైపోయింది. బోల్టుల కాటాతో ఒకటే చిక్కు. పళ్లెం కాస్త ఊగుతుంది, నిలబడితే ముల్లు నిలవదు. యార్డులో దేన్నీ ఊరికే తూచరు, తొట్టిలో వేసి తూచి తొట్టి బరువు తీసేస్తారు. ఆ అలవాటు మీదే మనుషులకీ కుర్చీ వేశారు. కుర్చీ పెట్టు, మనిషిని కూర్చోబెట్టు, కుర్చీ బరువు తీసెయ్యి. గోడ మీద సుద్దతో రాసి పెట్టారు కూడా: కుర్చీ నాలుగు.

బరువు చూడటం అయ్యాక ఒక్కొక్కరూ లేచి వారమంతా ఏం తిన్నారో చెప్పాలి. తప్పు చేస్తే ఒప్పుకోవాలి. మిగతావాళ్లు తల వంచుకుని వినాలి. మొదటి వారం ఎనిమిదిమంది గుమ్మడి గురించి చెప్పారు. అందరి గొంతులోనూ ఎవరో పోయినట్టే ఉంది. తొమ్మిదోవాడు రాత్రి చపలత్వంతో పచ్చసొన తిన్నానని ఒప్పుకుని కూర్చున్నాడు.

పదోది పైనక్క. లేచి, చొక్కా సర్దుకుని మొదలుపెట్టింది.

"నిన్న మా ఆయన చిన్న బంగాళదుంపలు తొక్కతోనే ఉడికించాడు. తర్వాత అరచేత్తో ఒక్కొక్కదాన్నీ నొక్కాడు. నొక్కితే అంచులు చీలతాయి కదా, ఆ చీలినచోట వెన్న దిగుతుంది. మూకుట్లో పెట్టి కదపకుండా వదిలెయ్యాలి. ఊరికే కదిపితే పాడు. కింద ఎర్రగా అట్టకట్టిన శబ్దం వస్తుంది, అప్పుడు తిప్పాలి. మిరియాలు పైన దంచాడు. నాకు నాలుగొచ్చాయి. నాలుగిటిని అరగంట తిన్నాను. నాలుగోదాని మాడిన అంచు చివరికి ఉంచుకున్నాను."

గదిలో ఎవరో గుటక వేసిన శబ్దం అందరికీ వినపడింది.

"ఇది ఒప్పుకోవడమా?" అంది డ్రిల్లు మేడం.

"ఏం తిన్నానో చెప్పమన్నారు. చెప్పాను."

"సిగ్గుపడుతూ చెప్పాలి."

"మాడగొట్టి ఉంటే సిగ్గుపడేదాన్ని మేడం. బాగా కుదిరింది."

ఆ వారం ఆమె తగ్గింది కిలో మీద కొంచెం. తర్వాతి వారం మళ్లీ కిలో. మేడం నిచ్చెన పుణ్యం అని పుస్తకంలో రాసుకుంది. మూడోవారం నుంచి జట్టులో ఒక వింత మొదలైంది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే గేటు తాత పావుగంట ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాడు. వెల్డరు పైనక్క లేవగానే కళ్లు మూసుకుంటున్నాడు. చేప వేయించేటప్పుడు తోక ఎలా కరకరలాడిందో ఆమె చెబితే, లెక్కల గుమస్తా, ఎప్పుడూ ఎవరితో మాట్లాడనివాడు, "నూనె ముందే కాగిందా, చేప వేశాక కాగిందా" అని అడిగాడు. మేడం అతని వంక చూసిన చూపుకి మళ్లీ నెలరోజులు మాట్లాడలేదు.

పదో వారానికి పైనక్క తొంభై ఆరు. బూట్లు, బెల్టు, సంచి కలిపి ఐదు కిలోలు. అంటే నూటొకటి. ఇంకో కిలో దిగితే గట్టెక్కినట్టే. దర్జీ ఆమె చొక్కాలు మూడోసారి కుట్టు విప్పి లోపలికి వేస్తున్నాడు. "నా పెళ్లాన్ని నాకే కత్తిరించి ఇస్తున్నారు" అని సణిగాడు గానీ, చిన్న మూకుడుకి అలవాటు పడ్డాడు.

పదకొండో మంగళవారం దెబ్బ పడింది.

వెల్డరు కూర్చున్నాడు. మూడు కిలోలు పెరిగాడు. గేటు తాత కూర్చున్నాడు. రెండున్నర పెరిగాడు. గుమస్తా, పెయింటరు, ఎవరు కూర్చున్నా రెండున్నరో మూడో పెరుగుదలే. డ్రిల్లు మేడం పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, అందరి మొహాలూ వరసగా చూసింది.

"ఎవరెవరు ఏం తిన్నారు?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పని మొదలైంది. వెల్డరు మేనకోడలి పుట్టినరోజుకి సగం కేకు తిన్నానన్నాడు. మిగతా సగం దారిలో తిన్నానని కాసేపాగి ఒప్పుకున్నాడు. గేటు తాత రోజూ తెల్లారగట్ల గేటు తాళం తీశాక వేయించిన చేప తింటున్నానన్నాడు. పెయింటరు వెన్న గురించి చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గుమస్తా లేచి నిలబడి, "నూనె ముందే కాగాలి" అని మాత్రం చెప్పి కూర్చున్నాడు. అట్ట ప్రకారం బతికినవాడు ఒక్కడూ లేడు. ఎవరి పాపం వాళ్లకి తెలుసు కాబట్టి కాటాని ఎవరూ అనుమానించలేదు.

చివరికి పైనక్క కూర్చుంది. కుర్చీ పోను తొంభై ఎనిమిదిన్నర.

"నేను పెరగలేదు," అంది.

"అందరూ పెరిగారు. నువ్వు ప్రత్యేకమా?"

"వాళ్లు తిన్నారు కాబట్టి పెరిగామనుకుంటున్నారు. నేను పోయినవారం తిన్నంతే తిన్నాను. మెట్లు అన్నే ఎక్కాను. రెండున్నర కిలోలు ఎక్కడినుంచి ఊడిపడతాయి?"

"కాటా అబద్ధం ఆడదు. అసలు వీళ్లందరి నోళ్లూ ఊరించింది ఎవరు? వారం వారం ఇక్కడ నిలబడి వెన్న, చేప, మాడిన అంచు. ఉడికించిన గుమ్మడి తినేవాడి చెవిలో రోజూ అవే పోస్తే వాడేమవుతాడు?"

వెల్డరు బూట్ల వంక చూసుకున్నాడు. నేరం మొయ్యడానికి ఇంకో మనిషి దొరికితే ఎవరికి చేదు?

"వచ్చే మంగళవారం అందరి ముందూ తప్పైందను. ఇకమీదట నీ తిండి సంగతి నోటితో చెప్పకు, కాగితం మీద రాసివ్వు. లేదంటే నీ పేరు కొట్టేస్తాను."

పేరు కొట్టేస్తే గడువు పోతుంది. ఆ శుక్రవారమే పరీక్ష. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం పైనక్క దిగి, డబ్బా చేత్తో పట్టుకునే స్టోర్సుకి నడిచింది. క్రేను మీద పధ్నాలుగేళ్లుగా ఆమె చేసే పని బరువులెత్తడం ఒక్కటే కాదు, గొలుసు బరువు తీసెయ్యడం కూడా. దూలం ఎంతో తెలియాలంటే దాన్ని పట్టుకున్న గొలుసు ఎంతో తెలియాలి. గొలుసు మారిస్తే లెక్క మారుతుంది. స్టోర్సు కౌంటరు వెనక కుర్రగుమస్తా అన్నం తింటున్నాడు.

"మంగళవారం మేం కూర్చునే కుర్చీ ఏదిరా?"

"అదిగో అక్కా, మూల."

అది ఇనప కుర్చీ. ఆమెకు గుర్తున్నది చెక్క కుర్చీ.

"చెక్కది ఏమైంది?"

"మేడం మార్పించిందక్కా. వెల్డరన్న కూర్చుంటే కిర్రుమంటోందని, పాపం ఆయన సిగ్గుపడుతున్నాడని, గట్టిది చూడమంది. మొన్న సోమవారమే తెచ్చా."

ఆమె కుర్చీని ఒంటిచేత్తో ఎత్తి కాటా మీద పెట్టింది. ముల్లు ఊగి ఊగి ఏడు దగ్గర నిలబడింది. గోడ మీద సుద్ద మాత్రం ఇంకా నాలుగే అంటోంది.

పైనక్క నవ్వలేదు. అక్కడే నిలబడి డబ్బా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, నమలడం అయ్యాక, "ఈ కుర్చీ ఎవరికీ ఇవ్వకు" అని చెప్పి ఎక్కడానికి వెళ్లిపోయింది.

మంగళవారం గది నిండాక ఆమె మాట్లాడకుండా ఖాళీ కుర్చీని కాటా మీద పెట్టి పక్కకి జరిగింది. ముల్లు ఏడు చూపించింది. గోడ నాలుగు చూపించింది. ఇనుముతో బతికేవాళ్లకి ఇంతకంటే వివరం చెప్పక్కర్లేదు. అప్పుడు వెల్డరు మెల్లిగా అన్నాడు:

"అయితే ఆ కేకు సంగతి నేను చెప్పకపోయినా సరిపోయేదా?"

నవ్వులు లేచాయి. గేటు తాత నవ్వలేదు. "ఇంటిదాని ముందు కూడా ఒప్పుకున్నాను," అన్నాడు గుర్రుగా.

డ్రిల్లు మేడం కుర్చీ దగ్గరికి వచ్చి, ముల్లు చూసి, సుద్దముక్క తీసుకుని నాలుగు చెరిపి ఏడు వేసింది.

"కుర్చీ తప్పు నాది. నేనే మార్పించాను, బరువు చూడలేదు." తర్వాత అందరివైపూ తిరిగింది. "ఒప్పుకున్న తిండి మాత్రం మీదే. కుర్చీ ఎవరి నోట్లోనూ కేకు పెట్టలేదు."

అది నిజం. నవ్వులు ఆగిపోయాయి.

"నేను పదకొండేళ్లుగా బంగాళదుంప ముట్టలేదు," అంది మేడం పైనక్కతో, గొంతు తగ్గించి. "మా అన్న తినితిని గుండె ఆగి పోయాడు. నలభై ఆరేళ్లు. నీకు వేళాకోళంగా ఉంది గానీ, ఈ గదిలో ఎవడో ఒకడు అలా పోతాడని నాకు రోజూ భయం."

"వేళాకోళం నేనెప్పుడూ చెయ్యలేదు మేడం. మీ అన్న సంగతికి బాధగానే ఉంది."

"అయితే తప్పైందను. నోరు కట్టుకో. నాలుగు వారాలున్నాయి నీకు."

పైనక్క లెక్క వేసుకుంది. ఒక్క మాట. అనేసి కూర్చుంటే నాలుగు వారాలు. ఆ రోజు తూకానికి బూట్లు, బెల్టు, సంచి కలిపితే వందలోపు దిగడానికి ఇంకా రెండొందల గ్రాములు అడ్డం. ఆ నాలుగు వారాల్లో అది నిద్రలో కూడా కరిగిపోతుంది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. అనెయ్యి అక్కా, అన్నట్టుంది వెల్డరు మొహం.

"నేను తిన్నది పదిమందిలో చెప్పి తిన్నాను, తగ్గాను. వీళ్లు గుమ్మడి తిన్నామని చెప్పి, తలుపేసుకుని కేకు తిన్నారు. మీరు మందు వెయ్యాల్సింది నాకు కాదు. తిన్నందుకు తప్పైందని నేను అనను."

"పేరు కొట్టేస్తాను."

"కొట్టెయ్యండి."

మేడం పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి, ఆమె పేరు మీద తిన్నగా గీత గీసింది. డ్రిల్లు నేర్పిన చెయ్యి కదా, గీత వంకర పోలేదు.

ఆ మూడురోజులూ సలహాలే సలహాలు. పస్తుండమని దర్జీ. ఖాళీ సంచితో ఎక్కమని బాబాయ్. బెల్టు బదులు తేలికపాటిది అరువు తెస్తానని వెల్డరు. అతనికి తల ఎత్తి మాట్లాడ్డానికి ఒక సాకు కావాలి పాపం.

"మూడ్రోజులు పస్తుంటే దిగుతుందే," అన్నాడు దర్జీ, కూరలో గరిటె తిప్పుతూ. ఒకవైపు పస్తుండమంటూనే మరోవైపు ఉల్లిపాయలు ఎర్రగా వేయిస్తున్నాడు.

"శనివారం మళ్లీ తింటాను కద. మళ్లీ వంద దాటుతుంది. శనివారం నన్ను మోసేది ఆ తాడేగా? శుక్రవారం దాన్ని మోసం చేసి ఏం లాభం?"

"దాటితే?"

"దాటితే కౌంటరు. కౌంటరు వెనకా ఇదే డబ్బా తింటాను." మాట గట్టిగానే అంది గానీ, ఆ రాత్రి కంచంలో చివరి ముక్క తినకుండా చాలాసేపు వేలితో తిప్పుతూ కూర్చుంది. దర్జీ చూశాడు, చూడనట్టు పొయ్యి తుడిచాడు. ఆఖరికి ఆమె ఆ ముక్క తినే లేచింది.

శుక్రవారం పదకొండింటికి పరీక్ష అన్నారు. యార్డు ఆసుపత్రి గది బయట బల్ల మీద నలుగురు: పైనక్క, ఎత్తు మీద పనికి కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్లు, చూట్టానికి వచ్చిన బాబాయ్. పైనక్క పనిలోకి వెళ్లేటట్టే వచ్చింది. బూట్లు, బెల్టు, సంచి, సంచిలో నీళ్లసీసా, డబ్బా. ఎత్తుపనివాళ్లిద్దరూ ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. ఒకడు మొహం పాలిపోయి గోడకి ఆనుకున్నాడు. పదకొండయింది, పన్నెండయింది. డాక్టరు దారిలో ఉన్నాడన్నారు. ఒంటిగంటకీ దారిలోనే ఉన్నాడు.

పైనక్క సంచి విప్పి డబ్బా తీసింది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయ్ కంగారుగా, "ఏం చేస్తున్నావ్?"

"ఒంటిగంట అయింది బాబాయ్. అన్నం తింటున్నా."

"బరువు చూసేముందా? మతి పోయిందా నీకు?"

"ఏం, డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎక్కినా కాటా మీదికి వచ్చేదేగా?"

ముసలాయన నోరు తెరిచి, లెక్క వేసుకుని, మూసేశాడు.

ఆ రోజు డబ్బాలో ఒక రొట్టె, వేయించిన గుడ్డు పచ్చసొనతో సహా, నొక్కి వేయించిన దుంపలు మూడు. ఆమె ఎప్పట్లాగే తిన్నది. తొందర లేదు. దుంప అంచు విరిచి, రొట్టె ముక్కతో పచ్చసొన అద్దుకుని, ఒక్కో ముద్దా అటూ ఇటూ తిప్పి నమిలి. గోడకానుకున్న కుర్రాడు చూడలేక మొహం తిప్పుకున్నాడు, మళ్లీ చూశాడు. చివరి దుంప అతని చేతిలో పెట్టింది. "తిను. పడిపోతే తాడు అవసరం నీకే ముందొస్తుంది." అతను ఒక్క క్షణం ఆలోచించి తినేశాడు. డబ్బా ఖాళీ అయ్యాక సీసాలో నీళ్లు సగం తాగింది.

రెండింటికి డాక్టరు వచ్చాడు, వెనకే హెల్మెట్ సారు. ఆమె కాటా ఎక్కబోతుంటే సారు సంచి తడిమి చూశాడు.

"డబ్బా ఖాళీగా ఉందే. నిండు డబ్బాతో కొలవాలి, అదే రూలు."

"మీ రూలు దాటలేదు సార్. డబ్బాలోది నా కడుపులో ఉంది, సీసాలో సగం కూడా. ఒక్క దుంప తక్కువ, అది ఈ అబ్బాయి కడుపులో ఉంది. కావాలంటే అది ఎంత తూగుతుందో చూసి నా లెక్కలో కలుపుకోండి."

డాక్టరుకి నవ్వొచ్చింది. హెల్మెట్ సారుకి రాలేదు. బల్ల సొరుగులోంచి ఒక చిన్న తూకపురాయి తీశాడు, వంద గ్రాములది. సంచిలో వేశాడు. దుంపకి అది ఎక్కువే, అయినా ఆమె సంచి భుజాన వేసుకుంది.

ఎక్కింది. కాటా మీద అంకెలు పరుగెత్తి ఆగాయి. తొంభై తొమ్మిది కిలోల ఏడొందలు.

సారు దిగమన్నాడు. మళ్లీ ఎక్కమన్నాడు. అదే. చుట్టూ వంగి పళ్లెం కింద ఏదైనా అడ్డం ఉందేమో చూశాడు. ఏమీ లేదు. కలం తీసి రాసుకున్నాడు. మొహంలో ఓడిపోయిన చికాకు కాదు, ఒక బరువు దిగినట్టే ఉంది.

"పాసయ్యావు. అంచు మీద ఉన్నావు, తెలుసుగా? ఆరు నెలలకి మళ్లీ పరీక్ష. జట్టులో లేకుండా నిలబెట్టుకోవడం కష్టం. మేడంతో నేను మాట్లాడనా? ఓ మాట అంటే మళ్లీ చేర్చుకుంటుంది."

"వద్దు సార్. ఒక్కటి మాత్రం చూడండి."

"ఏంటి?"

"వచ్చేసారి పరీక్ష కూడా రెండింటికే పెట్టించండి. అన్నం తిని వస్తాను."

తూకపురాయి తీసి ఆయన చేతిలో పెట్టింది. డబ్బాకి మూత బిగించి, సంచి భుజాన వేసుకుని, పని దిగడానికి ఇంకా రెండు గంటలుంది కదా అని నిచ్చెన వైపు నడిచింది.